డాబా మీద గునుగు

పోయిన ఏడాది హోలీ దాటిన వారానికి సూరత్‌లో మా ఆయన పనిచేసే కార్ఖానాలో సాంచాలు ఆపేశారు. కరెంటు మగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. ఇరవై ఏడేళ్లు ఒకే షెడ్డులో, ఎనిమిది సాంచాల మధ్య అటూ ఇటూ నడిచిన మనిషి ఆ రోజు పొద్దున తొమ్మిది గంటలకే టిఫిన్ డబ్బా తెరవకుండా తిరిగొచ్చాడు. పాతవన్నీ తుక్కుకు అమ్మేసి సేటు ఊరి బయట కడోదరా వైపు కొత్త మిషన్లు పెడుతున్నాడట. వాటికి మనుషులు తక్కువ కావాలి. ఆ కొద్దిమందికీ వయసు తక్కువుండాలి. మా ఆయనకు యాభై రెండు.

"ఏమన్నరు?" అని అడిగాను.

"ఏమంటరు. బందు" అన్నాడు. చెప్పులు విడిచి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ ఏడాది డాబా మీద ఏం కాసిందో, ఏం పూసిందో రాసుకుందామని కూర్చుంటే ముందుగా ఇదే గుర్తుకొస్తోంది. తోటకూ దీనికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తెలియదు.

తోట అంటే పెద్ద మాట. మేముండేది పాండేసర మిల్లులకు నడిచిపోయేంత దూరంలో, ఒక మేడ ఇంటి పైభాగంలో. కింద ఇంటి యజమానురాలు ఉంటుంది, గుజరాతీ ఆవిడ, ఒక్కతే. గల్లీలో అందరూ ఆమెను బెన్, అంటే అక్క, అంటారు, నేనూ అదే అంటాను. డాబా మీద నావి పదకొండు సగం డ్రమ్ములు. తుక్కు దుకాణంలో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు తీసుకుని, అడ్డంగా కోయించి, అడుగున బెజ్జాలు పెట్టించాను. అవి అద్దకం మిల్లు నుంచి వచ్చినవి. మొదటిసారి సరిగా కడగక టమాటా నారంతా మాడిపోయింది. రెండోసారి వారం రోజులు నీళ్లు నింపుతూ పారబోస్తూ, ఆ నీళ్లలో గులాబీ రంగు పోయేదాకా ఆగాను. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మిషన్ మీద నుంచి లేచినప్పుడల్లా ఒకసారి పైకి పోయి వస్తే నడుము సర్దుకుంటుంది. అలా మొదలైంది నా సేద్యం.

సూరత్ ఎండాకాలంలో డాబా మీద చేయగలిగింది తక్కువ. ఎండ ఒకటే కాదు, సముద్రం దగ్గరవడం వల్ల ఉక్క కూడా. పొద్దున ఏడు దాటితే కాలు పెట్టలేం. మిరప ఆకులు ముడుచుకుపోతాయి. వంకాయ పూత పూస్తుంది గానీ నిలవదు. మల్లె మాత్రం ఆ ఎండకే సంతోషపడినట్టు పూస్తుంది. ఉన్న చెట్లను చావకుండా చూసుకోవడమే ఆ మూడు నెలల పని. పాత చీరలు నాలుగు కలిపి కుట్టి పైన పందిరిలా కట్టాను.

డాబా కింది మా గదిలో ఆయన ఫ్యాను కింద పడుకునేవాడు. బయటికి పోతే ఎవరో ఒకరు "పని దొరికిందా అన్నా" అని అడుగుతారని పోయేవాడు కాదు. టీవీ గట్టిగా పెట్టుకునేవాడు. నేను ఏదన్నా చెబితే తల ఊపేవాడు. పప్పు చేయనా అంటే తల ఊపేవాడు, చారు చేయనా అన్నా ఊపేవాడు. పని పోయిన మనిషి, మాటల మీద మనసు లేదనుకున్నాను.

మే నెలలో మా అన్న బిడ్డ పెళ్లికి నేను ఒక్కదాన్నే ఊరికి పోయి వచ్చాను. వస్తూ గునుగు విత్తనాలు తెచ్చుకున్నాను. సూరత్‌లో బతుకమ్మకు మా వాళ్లంతా బస్సులో వచ్చే పూలు కొనుక్కుంటారు. అవి చేరేసరికి సగం వాడిపోతాయి. ఈసారి నా డ్రమ్ముల్లో పూసిన గునుగుతో పేర్చాలని పట్టుదల పుట్టింది. పాత పూల ఎండు కంకులు నలిపి విత్తనం మూట కట్టిస్తూ మా వదిన నవ్వింది.

"గునుగు ఇత్తులు గూడ దీస్కపోతరా ఎవలన్న? గది కలుపు గదనే. చేన్ల పెరికి పారేత్తం."

"మాకాడ గా కలుపు గూడ లేదు వదినా" అన్నాను.

జూన్ మూడో వారంలో వాన పడింది. మొదటి వానకు డాబా నుంచి పొగలాంటి ఆవిరి లేచింది. రెండో వానకు మట్టి చల్లబడింది. బెండ, బీర, పుంటికూర, బంతి వేశాను. గోడ పక్కనున్న రెండు పెద్ద డ్రమ్ముల్లో గునుగు చల్లాను. ఆ రోజే వంటింట్లో రొట్టెలు చేస్తూ, గుమ్మం దగ్గర కూర్చున్న మా ఆయనతో చెప్పాను.

"గోడకాడి డ్రమ్ములల్ల గునుగు ఏసిన. ముట్టకు."

ఆయన తల ఊపాడు.

వానలు మొదలయ్యాక ఆయన మెల్లగా పైకి రావడం మొదలుపెట్టాడు. మొదట ఉత్తగా గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేవాడు. డాబా నుంచి చూస్తే మిల్లుల పొగగొట్టాలు, షిఫ్టు మారే వేళకు సైకిళ్ల వరుస కనబడతాయి. ఒకరోజు నేను బీరతీగకు తాడు కట్టలేక తంటాలు పడుతుంటే వచ్చి తీసుకున్నాడు. కార్ఖానా నుంచి ఎప్పుడో తెచ్చిన వేస్టు నూలు ఉండలు ఇంట్లో మంచం కింద ఉన్నాయి. వాటిని తెచ్చి, ఈ గోడ నుంచి ఆ గోడకు పోగులు లాగి, సాంచా మీద తెగిన పోగును అతికినంత చిన్న ముడులు వేసి, మధ్యాహ్నానికల్లా పందిరి అల్లేశాడు. చేపల వల లాగా గళ్లన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి. బీరతీగ నాలుగు రోజుల్లో దాన్ని పట్టుకుని పైకి పోయింది. ఆయన రోజూ పొద్దున్నే పోయి ఎంత పెరిగిందో జానతో కొలిచేవాడు. మళ్లీ అన్నం సరిగా తినడం మొదలుపెట్టాడు. నాకు లోపల కొంచెం ఊరటగా అనిపించింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం కుట్టిన జాకెట్లు ఇచ్చి ఇంటికొచ్చేసరికి ఆయన మెట్ల మీదే ఎదురొచ్చాడు. చేతులకు మట్టి, ముఖంలో చాలా రోజులకు కనబడిన వెలుగు.

"రా, సూద్దువు. అంత సాఫ్ జేసిన. గోడకాడ ఎంత గునుగు మొలిచిందో. ఎరువుల ఇత్తులు అచ్చినట్టున్నయ్."

పైకి పోయి చూస్తే రెండు డ్రమ్ములూ దువ్వినట్టు శుభ్రంగా ఉన్నాయి. మోకాలెత్తు పెరిగిన గునుగు మొక్కలు ఒక మూల కుప్పగా పడున్నాయి. పొద్దుటి నుంచి ఎండకు వేలాడిపోయాయి. ఒకటి రెండు తీసి మళ్లీ పాతిపెట్టాను. నిలబడవని తెలుసు.

"నీకు చెప్పిన గద" అన్నాను. "ఇత్తినాడే చెప్పిన. ముట్టకని చెప్పిన. తలకాయ ఊపినవ్."

"ఏంది?" అన్నాడు.

"ఏంది ఏంది. నాశనం జేసినవ్."

ఆయన నా ముఖం చూశాడు, కుప్పను చూశాడు. కిందికి పోయాడు. నాకు ఏడుపొచ్చింది. మొక్కల కోసమే ఏడ్చానని అప్పుడు అనుకున్నాను. నిజానికి ఎన్నేళ్ల నుంచో నా మాటలన్నీ అలాగే పోయాయన్న కోపం అది. కూతురి ఫీజుల గురించి చెప్పినా, నాకు ఒంట్లో బాగాలేదని చెప్పినా ఒకటే తల ఊపడం. విని కూడా పట్టించుకోని మనిషితో కాపురం చేస్తున్నానని చాలాకాలంగా మనసులో ఉంది.

నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి కంచం ముందు కూర్చుని నన్ను అడిగింది. దాని మాటల్లో మూడు భాషలు కలిసి ఉంటాయి.

"మమ్మీ, బాపు మీద ఎందుకు గుస్సా జేస్తున్నవ్? బాపుకు సునాయీ నహీ దేతా."

"ఏంది?"

"వినబడది మమ్మీ. నీకు తెల్వదా? సామ్నే నిలబడితేనే బాపుకు తెలుస్తది. పెదవులు జూస్తడు. నేనైతే ఎప్పుడు సామ్నే నిలబడే మాట్లాడ్త."

నాకు తెలియదు. ఇరవై మూడేళ్ల కాపురంలో నాకు తెలియలేదు. గట్టిగా మాట్లాడతాడని తెలుసు. అయితే మా గల్లీలో సాంచాల పనికి పోయే మగవాళ్లందరూ గట్టిగానే మాట్లాడతారు, మెల్లగా మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. టీవీ సంగతీ అంతే అనుకున్నాను. నేనేమో పొయ్యి వైపు తిరిగి, మిషన్ వైపు తిరిగి, ఎప్పుడూ నా పని చేసుకుంటూనే ఆయనతో మాట్లాడాను. ఆయన నా వీపును చూస్తూ తల ఊపాడు.

ఆ వారమంతా దొంగచాటుగా పరీక్షలు పెట్టాను. వెనక నుంచి పిలిస్తే తిరగలేదు. గిన్నె కింద పడేస్తే తిరిగాడు. ముందుకు పోయి "చాయ్ తాగుతవా" అంటే "జర ఆగి" అన్నాడు. ఇంత చిన్న సంగతి. ఆ రోజు నుంచి ఏం చెప్పాలన్నా చేతిలో పని కింద పెట్టి ఆయన ముందుకు పోయి నిలబడటం అలవాటు చేసుకున్నాను. గునుగు మాట మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు.

ఖాళీ అయిన రెండు డ్రమ్ములను చూసి బెన్ ఒక కాగితం పొట్లంలో పాపడి విత్తనాలు తెచ్చి ఇచ్చింది. పాపడి అంటే ఇక్కడి చిక్కుడు. కాయ చిన్నది, వాసన ఎక్కువ. చలికాలంలో ఇక్కడివాళ్లు వండే ఉంధియు కూరలో అది లేకపోతే సూరత్ వాళ్లు దాన్ని ఉంధియు అనరు. వాన తెరిపి ఇచ్చినప్పుడు గింజను పడుకోబెట్టి నాటమంది. అలాగే నాటాను.

పెత్తరమాస వచ్చింది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. నా బంతి ఇంకా మొగ్గ మీదే ఉంది. తెల్లారి లేచి చూస్తే మా ఆయన లేడు, సైకిల్ లేదు. పని కోసం ఎవరినో కలవడానికి పోయాడనుకున్నాను. పదకొండయింది, పన్నెండయింది. ఫోను చేస్తే అది ఇంట్లోనే అలమార మీద మోగింది. ఆ మధ్య ఆయన ఎక్కడికి పోయినా ఫోను ఇంట్లో వదిలేసి పోతున్నాడని అప్పుడు గమనించాను.

ఒంటిగంట దాటాక కింద సైకిల్ చప్పుడైంది. వెనక సీటుకు కట్టిన గోనెసంచి రెండు పక్కలా ఉబ్బి ఉంది. పైకి మోసుకొచ్చి వరండాలో కుమ్మరించాడు. అంతా గునుగు. తెల్లగా, కొసన గులాబీ రంగుతో, ఇంకా మంచు ఆరనట్టు తాజాగా.

"ఏడ దొరికింది?" అని ముందుకు పోయి అడిగాను.

"ఉన్ ఊరు దాటినంక, సచిన్ దిక్కు పోయే తొవ్వల. ప్లాట్లు గొట్టి ఇడిసిపెట్టిన జాగలల్ల కుప్పలు. ఒక చేన్ల గూడ కోసిన. చేను ఆయన అచ్చి ఏందో అడిగిండు."

"ఏమడిగిండు?"

"ఏమో. ఎందుకని అడిగిండనుకున్న. దేవునికి అని చెయ్యి మీదికి సూపిచ్చిన. ఆయన గూడ కొడవలి దెచ్చి కోసిచ్చిండు. ఆయనకు కలుపు పోయె, నాకు పూలాయె."

తంగేడు మాత్రం ఎక్కడా దొరకలేదన్నాడు. దానికి బదులు రోడ్డు పక్కన నీడ కోసం నాటిన చెట్ల నుంచి పసుపు పూల గుత్తులు తుంచుకొచ్చాడు. ఊళ్లో పూలకు పోవడం మగవాళ్ల పని. పెళ్లికి ముందు ఆయన తమ్ముడితో కలిసి గుట్టలకు పోయి గంపెడు పూలు తెచ్చేవాడట. సూరత్ వచ్చాక ఒక్కసారీ పోలేదు. ఎప్పుడూ షిఫ్టే.

నేను గునుగు కొసలు సమానంగా కత్తిరిస్తుంటే ఆయన కట్టలు కట్టాడు. సగానికి రంగు అద్దాము. మా అమ్మాయి కాలేజీ ఎగ్గొట్టి పేర్చింది. సాయంత్రం గల్లీలో అందరూ మా బతుకమ్మ చుట్టూ చేరారు. పక్కింటి ముసలామె పసుపు పూలను పట్టి చూసి, "తంగేడు గాదు గని, తంగేడు తీర్గనే ఉన్నది" అంది. మా ఆయన దూరంగా సైకిల్‌కు ఆనుకుని నిలబడి చూశాడు. పాటలు ఆయనకు వినబడలేదని ఇప్పుడు నాకు తెలుసు. చప్పట్లు పడే తీరును బట్టి తల ఆడిస్తున్నాడు.

దీపావళి తర్వాత సూరత్‌లో మంచి రోజులు. డిసెంబరు, జనవరి మాసాల్లో డాబా మీద మధ్యాహ్నం కూడా కూర్చోవచ్చు. మెంతి, కొత్తిమీర, ముల్లంగి చల్లాను. చామంతి పూసింది. పాపడి తీగ మా ఆయన అల్లిన వల నిండా పాకి, ఊదారంగు పూలు పూసి, గుత్తులు గుత్తులుగా కాసింది. రెండు రోజులకొకసారి కోయకపోతే ముదిరిపోతుంది. బెన్‌కు ఒక పళ్లెం, మాకు ఒక పళ్లెం. ఆయనకు పని మాత్రం దొరకలేదు. నాలుగైదు చోట్లకు పోయి వచ్చాడు.

ఉత్తరాయణకు, అంటే మన సంక్రాంతికి, ఊరంతా డాబాల మీదే ఉంది. రెండు రోజులు గాలిపటాలు, లౌడ్ స్పీకర్లు. మూడో రోజు చూస్తే మా పాపడి పందిరి నిండా తెగిన మాంజా దారాలు. గాజుపొడి పూసిన దారం, లాగితే తీగ తెగుతుంది, వేలూ తెగుతుంది. ఇద్దరం ఎండలో ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్క దారం విప్పడం మొదలుపెట్టాం. చాలాసేపటికి ఆయన తల ఎత్తి అన్నాడు.

"అమ్మ పోయిన దినం యాదికున్నదా?"

తల ఊపాను. ఆరేళ్ల కింద మా అత్త ఊళ్లో చనిపోయింది. ఆ రోజు ఆయన ఎప్పటిలాగే షిఫ్టు ముగించుకుని సాయంత్రం ఇంటికొచ్చాడు, స్నానం చేశాడు, అన్నం తింటూ ఉల్లిగడ్డ అడిగాడు. అప్పుడు నా ఫోనుకు మా మరిది ఫోన్ చేశాడు. "అన్న ఇంక ఎల్లలేదా వదినా? పొద్దుగాలే చెప్పిన గద" అని ఏడ్చాడు. నేను కంచం వైపు చూశాను. ఫోను ఆయన చేతికి ఇవ్వకుండా నేనే చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు, "ఆఁ, చెప్పిండు" అని మాత్రం అన్నాడు. మేం చేరేసరికి దహనం అయిపోయింది. తల్లి పోయిందని పొద్దున్నే తెలిసి కూడా షిఫ్టు చేసుకుని అన్నం తిన్న మనిషి అని నేను ఆరేళ్లు మనసులో పెట్టుకున్నాను. ఎప్పుడూ అడగలేదు.

"తమ్ముడు ఫోన్ జేసిండు, నిజమే" అన్నాడు. "షెడ్డు బయటికచ్చి గూడ చెవుకు పెట్టుకున్న. ఏదో అంటుండు. ఒక్క మాట తెల్వలే. బాయి మోటరు బాగైందని జెప్తుండు అనుకున్న. మంచిది తియ్యి అని పెట్టేసిన."

ఆయన విప్పిన దారం ముక్కను పక్కన పెట్టాడు.

"అమ్మ సచ్చిపోయిందని జెప్తుంటే, మంచిది తియ్యి అన్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్తనే? సాంచా సప్పుడు మారంగనే పోగు తెగిందని తెల్వాలె. చెవిటోడంటే ఎవడన్న పనిల పెట్టుకుంటడా? ఎవలకు చెప్పలే. తమ్మునికి గూడ చెప్పలే. వాడు గిప్పటికీ నన్ను గట్లనే అనుకుంటడు."

ఆయన నా పెదవులను చూస్తున్నాడు, నేనేమంటానో అని. ఓదార్పు మాటలు నాకు రావు. ఉన్నదే చెప్పాను.

"నేను గూడ గట్లనే అనుకున్న. రాయి అనుకున్న నిన్ను."

"అనుకుంటివి. మరేం జేత్తవ్" అన్నాడు. మళ్లీ దారాల మీదికి వంగాడు. నేను కూడా వంగాను. ఆ పందిరి పూర్తిగా విప్పేసరికి ఎండ గోడ దిగిపోయింది. కిందికి దిగాక నేనే మా మరిదికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంతా విని, "వదినా, ఒక్కసారి అన్న మొఖం సూపియ్యి" అన్నాడు. వీడియో పెట్టి ఫోను ఆయన ముందు పట్టుకున్నాను. మా మరిది చేయి ఊపాడు, ఈయనా ఊపాడు.

ఫిబ్రవరిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడితే మీట నొక్కమన్నారు. అద్దం ఇవతల నుంచి మేం చూస్తూనే ఉన్నాం, ఆయన వేలు చాలాసేపు కదలలేదు. డాక్టరమ్మ కాగితం మీద గీతలు చూపించింది. సాంచాల చప్పుడుకు పోయిన వినికిడి తిరిగి రాదని, చెవి మిషన్ పెట్టుకుంటే ఉన్నదాన్ని వాడుకోవచ్చని చెప్పింది. చెవి వెనక పెట్టుకునేది ఒకటి తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి పెట్టుకున్న గంటకే కుక్కర్ విజిల్‌కు అదిరిపడ్డాడు. బయట ఆటోలు, పైన నీళ్ల మోటారు, నా కుట్టు మిషన్.

"ఇన్నేండ్లు గింత లొల్లిల ఉంటున్నరా మీరు" అని అడిగి, తీసి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు రోజుకు రెండు మూడు గంటలు పెట్టుకుంటాడు, అంతకన్నా పెట్టుకోడు.

పని మార్చిలో దొరికింది, పాండేసరలోనే, రంగులు వేసిన బట్ట మడత పెట్టి కట్టలు కట్టే చోట. పగటి షిఫ్టు ఒక్కటే. చేరే రోజే సూపర్‌వైజర్‌తో తనకు వినబడదని, ఏదైనా చెప్పాలంటే ముందుకొచ్చి చెప్పమని అన్నాడట. "ఏమన్నడు మరి?" అని అడిగితే, "సరే అన్నడు. గంతే" అన్నాడు. ఇన్నేళ్లు దాచిపెట్టిన మాటకు అంత చిన్న జవాబు రావడం ఆయనకు కొంచెం నిరాశగా కూడా ఉన్నట్టుంది.

పాపడి తీగ ఎండిపోయింది, పీకేశాం. ఈ ఎండాకాలం కూడా చీరల పందిరి కిందే గడిచింది. ఇప్పుడు మళ్లీ వానలు పడుతున్నాయి. ఈసారి చామ దుంపలు వేశాను. ఆకులు చాట లాగా విప్పుకున్నాయి. నీటి బొట్టు పడితే నిలవకుండా దొర్లిపోతుంది. పొద్దున షిఫ్టుకు పోయే ముందు ఆయన పైన నీళ్ల గుంటలు ఊడుస్తుంటే బెన్ కింది నుంచి ఏదో అడిగింది. ఆయన గోడ మీద నుంచి వంగి, చెవి మీద వేలు పెట్టి చూపించాడు.

"కాన్ గయా, బెన్. జోర్ సే బోలో."

బెన్ గల్లీ అంతా వినబడేలా అరిచింది, శనగపిండి పూసి చుట్టి ఉడికించే పాత్రా చేసుకోవడానికి చామాకులు కావాలని. మా ఆయన ఆమెకు పది వేళ్లు చూపించి, లేతవి చూసి కోయడానికి కత్తెర తెమ్మని నాకు సైగ చేశాడు.